సవరణ: ఇరాన్‌పై ఆంక్షలు మళ్లీ తెప్పించింది అమెరికా కాదు

ఇరాన్‌పై ఐక్యరాజ్యసమితి ఆంక్షలను 2025లో అమెరికా తిరిగి తెప్పించిందని మొన్న రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. కావలిలో గ్రూప్స్‌కి చదువుతున్న ఒకమ్మాయి ఆ వాక్యాన్ని నోట్సులో ఎక్కించుకుని, కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీసుకుంది. అది చూశాక టెన్షన్ పట్టుకుంది. ఇరాన్ అణు కార్యక్రమాన్ని తగ్గించుకుంటే ఆంక్షలు సడలిస్తామన్న 2015 నాటి అణు ఒప్పందాన్ని ఆమోదించిన భద్రతా మండలి 2231వ తీర్మానం, అప్పటి వార్తలు మళ్లీ తీసి చదివాను.

ఆ పని చేసింది బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ. ఇరాన్ ఒప్పందాన్ని పాటించడం లేదని మూడూ కలిసి 2025 ఆగస్టు 28న మండలికి లేఖ ఇచ్చాయి. 30 రోజుల గడువు తీరాక, సెప్టెంబరు చివర్లో ఆంక్షలు తిరిగొచ్చాయి. అమెరికా ఆ ఒప్పందం నుంచి 2018లోనే బయటికి వచ్చేసింది. 2020లో అది ఇదే ప్రయత్నం చేస్తే, ఒప్పందం వదిలేసినవాళ్లకు ఆ హక్కు లేదని ఈ మూడు మిత్రదేశాలే ఒప్పుకోలేదు. ఈసారి మాత్రం అమెరికా ఆ మూడు దేశాలను సమర్థించింది.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. ఆంక్షల సడలింపు కొనసాగాలంటే మండలి కొత్తగా ఓటేయాలి. ఓటు నెగ్గకపోతే ఆంక్షలు వాటంతటవే వచ్చేస్తాయి. అందుకే రష్యా, చైనాల వీటో ఇక్కడ అక్కరకు రాలేదు. ఆ రెండూ దీన్ని ఇప్పటికీ గుర్తించడం లేదు.

నోట్సు రాసుకున్నవాళ్లు దయచేసి దిద్దుకోండి.