85 శాతం లెక్కకు ఆధారం ఎక్కడుంది?

ఇంజినీరింగ్ కళాశాలల్లో ప్రాంగణ నియామకాల కాలం వస్తే చాలు, ఒక సందేశం విద్యార్థుల ఫోన్లలో తిరగడం మొదలుపెడుతుంది. శిక్షణ తరగతుల్లో, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో కూడా అదే వినిపిస్తుంది. దాని సారాంశం ఇది: ‘ఉద్యోగంలో విజయానికి 85 శాతం కారణం సాఫ్ట్ స్కిల్స్, భావోద్వేగ ప్రజ్ఞ. సాంకేతిక జ్ఞానం వాటా 15 శాతమే. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, కార్నెగీ ఫౌండేషన్ పరిశోధనలో తేలిన సత్యమిది. ఐక్యూ (బుద్ధి కొలత) 20, ఈక్యూ (భావోద్వేగ ప్రజ్ఞ కొలత) 80. ఏ ఉద్యోగానికైనా ఇదే సూత్రం. అందరితో మంచిగా మెలగండి, విలువలు పాటించండి, పదోన్నతి దానంతట అదే వస్తుంది.’

స్వభావం, విలువలు, ఎదుటి మనిషి మనసు గ్రహించే నేర్పు పనిలో అక్కరకు వస్తాయనడంలో నాకు సందేహం లేదు. సందేహం లేదు కాబట్టే వాటి పేరుతో తప్పుడు లెక్క ప్రచారం కావడాన్ని సహించలేకపోతున్నాను. ఒక్కొక్క మాటే తీసుకుందాం.

మొదటిది, 85 శాతం. ఈ అంకె మూలం 1918లో ఉంది. ఆ ఏడాది చార్లెస్ రిబోర్గ్ మాన్ అమెరికాలోని ఇంజినీరింగ్ విద్యపై ఒక నివేదిక రాశారు, కార్నెగీ ఫౌండేషన్ దాన్ని ప్రచురించింది. అది హార్వర్డ్ అధ్యయనం కాదు, స్టాన్‌ఫర్డ్ అధ్యయనం కూడా కాదు. ఇంజినీరుగా రాణించడానికి ఏ గుణాలు ముఖ్యమని మాన్ ముందుగా ఇంజినీర్లనే అడిగారు. సుమారు 1,500 మంది జవాబులు రాశారు. వాటి నుంచి ఆరు గుణాల జాబితా తయారుచేసి, నాలుగు పెద్ద ఇంజినీర్ల సంఘాల్లోని 30,000 మంది సభ్యులకు పంపితే 7,000 మందికి పైగా వాటికి ప్రాధాన్య క్రమం ఇచ్చారు. వాళ్లు చెప్పినదాని సగటు, నూటికి, ఇలా వచ్చింది: శీలానికి 24, వివేచనకు 19.5, పని సామర్థ్యానికి 16.5, మనుషులను అర్థం చేసుకోవడానికి 15, ఇంజినీరింగ్ మూలసూత్రాల జ్ఞానానికి 15, వృత్తి మెళకువలకు 10.

ఈ అంకెలను నిదానంగా చదవాలి. మూలసూత్రాల జ్ఞానం 15, వృత్తి మెళకువలు 10. అంటే సాంకేతిక విషయాలకు ఆ ఇంజినీర్లు ఇచ్చిన వాటా 25, పదిహేను కాదు. పోనీ, మిగిలిన 75 అయినా సాఫ్ట్ స్కిల్సేనా? వివేచన అన్న శీర్షిక కింద ఇంగితజ్ఞానంతో పాటు శాస్త్రీయ దృక్పథం కూడా ఉంది. పని సామర్థ్యం అంటే క్షుణ్ణంగా చేయడం, లెక్క తప్పకపోవడం, కష్టపడటం. శీలం అంటే నిజాయితీ, బాధ్యత, చొరవ, ఉన్న వనరులతో దారి వెతుక్కోవడం. వంతెన లెక్కను మరోసారి సరిచూసుకునే అలవాటును ఏ శిక్షకుడు సాఫ్ట్ స్కిల్ కింద నేర్పుతున్నాడు? ఇప్పుడు మనం మానవ సంబంధాల నేర్పు అంటున్న దానికి ఆ జాబితాలో దగ్గరగా ఉన్నది ఒక్కటే, మనుషులను అర్థం చేసుకోవడం. దానికి వాళ్లు ఇచ్చింది 15. మూలసూత్రాల జ్ఞానానికీ సరిగ్గా అంతే ఇచ్చారు.

మరో ముఖ్యమైన సంగతి ఉంది. అక్కడ ఎవరి విజయాన్నీ కొలవలేదు. ఎవరు రాణించారు, ఎవరు వెనకబడ్డారు, వాళ్లలో ఏ గుణం ఎంత ఉంది అన్న పరిశీలనే జరగలేదు. ఏది ముఖ్యమనుకుంటున్నారో అడిగారు, వాళ్లు చెప్పారు. అభిప్రాయాలుగా అవి ఎంతో విలువైనవి. కానీ అభిప్రాయాల సగటు, విజయానికి కారణాల వాటా అయిపోదు.

ఈ లెక్క 85, 15గా జనంలోకి వెళ్లింది 1936లో. వ్యక్తిత్వ వికాస రచయిత డేల్ కార్నెగీ తన ప్రసిద్ధ పుస్తకంలో, ఇంజినీరింగ్‌లో కూడా ఆర్థిక విజయానికి సాంకేతిక జ్ఞానం 15 శాతం, మనుషులతో నెగ్గుకొచ్చే నేర్పు 85 శాతం కారణమని రాశారు. ఆయనకూ, ఫౌండేషన్‌ను స్థాపించిన ఆండ్రూ కార్నెగీకీ బంధుత్వం లేదు. వందేళ్లు దాటిన ఒక అభిప్రాయ సేకరణను అదనపు విశ్వవిద్యాలయాల పేర్లు తగిలించి, నిన్నో మొన్నో తేలిన పరిశోధనలా మన పిల్లలకు అందిస్తున్నారు.

ఇక 80, 20. మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో భావోద్వేగ ప్రజ్ఞ, అంటే తన భావోద్వేగాలనూ ఎదుటివారి భావోద్వేగాలనూ గ్రహించి నడుచుకునే నేర్పు, అన్న భావనను పరిశోధకుల ముందుకు తెచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అది ఇంటింటి మాట అయింది. జీవిత విజయాన్ని నిర్ణయించే అంశాల్లో ఐక్యూ వాటా మహా అయితే 20 శాతమని, మిగిలిన 80 శాతం ఇతర కారణాలదని గోల్‌మన్ రాశారు. ఆ ఇతర కారణాల్లో పుట్టిన కుటుంబం, సామాజిక స్థాయి, అదృష్టం అన్నీ ఉన్నాయి. ఆ 80 అంతా ఈక్యూదేనని తాను అనలేదని ఆయనే తరువాత వివరణ ఇచ్చారు. అయినా సందేశం మారలేదు. పుట్టిన ఇల్లు, అందిన బడి, తెలిసినవాళ్ల సిఫారసు అన్నీ ఆ 80లోంచి మాయమై, మిగిలిందల్లా నీ ప్రవర్తనే అని తేల్చింది. ఈ సందేశంలో నన్ను అన్నిటికన్నా బాధించే భాగం ఇదే. మారుమూల పల్లె నుంచి వచ్చి, ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆంగ్లంలో తడబడి ఇంటర్వ్యూలో తప్పిన అమ్మాయికి లోపం నీ వ్యక్తిత్వంలోనే ఉందని చెప్పడం అన్యాయం.

అసలు ఇలా శాతాలు పంచడమే పొరపాటు. అన్నం ఉడకడంలో బియ్యం వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత అని అడిగితే ఏం చెబుతాం? అమెరికా ఉద్యోగాలపై ఆర్థికవేత్త డేవిడ్ డెమింగ్ 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ విషయాన్నే బలపరుస్తుంది. అక్కడ 1980 తరువాత నలుగురితో కలిసి చేయాల్సిన ఉద్యోగాలు బాగా పెరిగాయి. అయితే గణితమూ, మనుషులతో మెలిగే నేర్పూ రెండూ కావలసిన పనుల్లోనే ఉద్యోగాలు, జీతాలు ప్రత్యేకంగా పెరిగాయి.

‘ఏ ఉద్యోగానికైనా ఇదే సూత్రం’ అన్నది కూడా నిలవదు. పరిశోధకులు డానా జోసెఫ్, డేనియల్ న్యూమన్ 2010లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగి, విమాన సిబ్బంది లాంటివాళ్లు తమ కోపతాపాలను అణచుకుని ముఖాన చిరునవ్వు నిలుపుకోవాలి. సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే దీన్ని భావోద్వేగ శ్రమ అన్నారు. అలాంటి పనుల్లో భావోద్వేగ ప్రజ్ఞ పనితీరుకు తోడ్పడింది. ఆ శ్రమ తక్కువగా ఉన్న పనుల్లో ఆ మేలు కనబడలేదు, కొంత ప్రతికూల ఫలితం కూడా కనిపించింది. ఏ వృత్తిలోనైనా పనికొచ్చే గుణం మరొకటి ఉంది. ఒప్పుకున్న పనిని శ్రద్ధగా, క్రమం తప్పకుండా పూర్తిచేయడం. పరిశోధకులు బారిక్, మౌంట్ 1991లో పరిశీలించిన వృత్తుల సమూహాలన్నిటిలోనూ అది పనితీరుతో ముడిపడి కనిపించింది. శిక్షణ తరగతుల్లో దాని ఊసు ఎంత తక్కువో గమనించండి.

మంచిగా మెలిగితే పదోన్నతి దానంతట అదే వస్తుందన్న మాటకు జవాబు చిన్నదే. తిమోతి జడ్జ్, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన అధ్యయనాల్లో, ఎదుటివారితో సులువుగా సర్దుకుపోయేవాళ్ల సంపాదన మిగతావాళ్ల కన్నా తక్కువగా తేలింది. మగవాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. మంచితనం మానుకోవాలని దీని అర్థం కాదు. మంచితనానికి ప్రతిఫలంగా జీతం పెరుగుతుందని పిల్లలకు మాట ఇచ్చే హక్కు మనకు లేదని మాత్రమే.

విలువలనూ భావోద్వేగ ప్రజ్ఞనూ ఒకే గాటన కట్టడం ఇంకా ప్రమాదకరం. మనసులు చదివే నేర్పు మంచికీ వాడవచ్చు, మోసానికీ వాడవచ్చు. స్తెఫాన్ కోతే బృందం 2011లో చూపింది ఇదే: భావోద్వేగాలను అదుపు చేసే తెలివి, మంచివాళ్ల చేతిలో మేలుకూ, స్వార్థపరుల చేతిలో హానికీ పనికొచ్చింది. తెలుగువాళ్లకు దీనికి ఉదాహరణ దూరంగా వెతకనక్కర్లేదు. 2008లో ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకున్న సత్యం కంప్యూటర్స్‌లో ఏళ్ల తరబడి దొంగ లెక్కలు నడిచాయని 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజే లేఖ రాశారు. వేల కోట్ల రూపాయల తేడా. పైకి కనిపించే మర్యాద, నమ్మకం పుట్టించే మాటతీరు ఆ సంస్థకు తక్కువ కాలేదు, కొరవడింది విలువలు. ఉద్యోగులు, మదుపరులు ఎంత నలిగిపోయారో హైదరాబాద్ చూసింది.

మరి నియామకాల్లో ఏది పనిచేస్తుంది? ఎంపిక పద్ధతుల ఫలితాలకూ ఉద్యోగంలో పనితీరుకూ ఉన్న సంబంధంపై పాత అధ్యయనాల అంచనాలను పాల్ సాకెట్ బృందం 2022లో సరిదిద్దింది. 0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం. ఆ కొలతలో, అందరికీ అవే ప్రశ్నలు వేసి ముందే రాసుకున్న ప్రమాణాలతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42, ఉద్యోగ విషయ జ్ఞాన పరీక్షకు 0.40, బుద్ధి పరీక్షకు 0.31 వచ్చాయి. ఇష్టమొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకు 0.19 మాత్రమే. ఇలాంటి కొలతను దానితోనే గుణిస్తే, పనితీరులోని తేడాల్లో అది వివరించే వాటా వస్తుంది; 0.42కు అది సుమారు 0.18. అన్నిటికన్నా మెరుగైన కొలత కూడా ఆ తేడాల్లో ఐదో వంతును వివరించలేకపోతున్న చోట, ఒక్క గుణానికి 85 శాతం అంటగట్టడానికి ఆధారం ఏముంది?

అందుకే ఆ సందేశాన్ని మరొకరికి పంపే ముందు కళాశాలల నియామక అధికారులు సంస్థలను ఒక విషయం అడగాలి: మా విద్యార్థులందరినీ అవే ప్రశ్నలు అడుగుతున్నారా, మార్కులు వేసే పద్ధతిని ముందే రాసుకున్నారా? ‘వైఖరి బాగాలేదు’ అని ఒక అమ్మాయిని తిప్పి పంపితే, ఏ ప్రశ్నకు ఏ జవాబు చూసి అలా అన్నారో రాతపూర్వకంగా ఇవ్వమనాలి.