కుడి సీటులో శివారు రైతు

మొన్న శివరాత్రికి అక్కావాళ్లింటికి వెళ్లాను. ముమ్మిడివరం దాటాక కాలువ గట్టు వెంట ఉంటుంది ఆ పల్లె. మేనల్లుడు కూడా సెలవు మీద వచ్చి ఉన్నాడు. వాడు పైలట్. ఊరివాళ్ల లెక్కలో విమానం మొత్తం వాడే నడుపుతాడు గానీ, వాడు కూర్చునేది కుడి సీటులో. ఎడమ సీటు కెప్టెన్‌ది. ఆ కుడి సీటు దాకా రావడానికే బావ ఎకరంన్నర కొబ్బరితోట అమ్మాడు.

భోజనాలయ్యాక వాడు వీధరుగు మీద కూర్చుని ఫోన్లో ఒక జాబితాను పైకీ కిందికీ జరుపుతున్నాడు. వాళ్ల కంపెనీ కొత్త సీనియారిటీ లిస్టట. పేరెందుకులెండి, ఏదో ఒక కంపెనీ. బయటి నుంచి నేరుగా కెప్టెన్లుగా తీసుకున్నవాళ్లకు పాత సర్వీసు కలిపి పైన కూర్చోబెట్టారు. మావాడు తన పేరుకి పైన ఎన్ని కొత్త పేర్లు పడ్డాయో వేలితో లెక్కపెట్టుకుంటున్నాడు.

"జీతం తగ్గించారా?" అని అడిగింది అక్క.

"తగ్గలేదమ్మా."

"ఉద్యోగానికేమైనా మోసమా?"

"అదేం లేదు."

"మరెందుకురా ఆ మొహం?"

వాడికి చెప్పడం చేతకాలేదు. బావే అందుకున్నాడు. "మన బోదెకి ఎగువన ఇంకో తూము పెట్టారే. అంతే."

బోదె అంటే చేలకు నీళ్లు తెచ్చే పిల్లకాలువ. ఎగువన కొత్త తూము పడితే చివరనున్న శివారు చేనుకి చేరే నీళ్లు తగ్గుతాయి. నేను ఈ సీనియారిటీ తగాదాల గురించి చాన్నాళ్లుగా చదువుతున్నాను. ఇంత పొట్టిగా చెప్పినవాళ్లు ఎవరూ కనిపించలేదు.

మేనల్లుడి కోపం కంపెనీ మీద అంతగా లేదు. కంపెనీ అన్నాక దాని లాభం అది చూసుకుంటుంది అంటాడు. వాడి మంటంతా తను నెలనెలా చందా కడుతున్న పైలట్ల సంఘం మీద. "జీతాల గురించి అడిగితే పేజీలకు పేజీలు లేఖలు రాస్తారు మావయ్యా. లిస్టు గురించి అడిగితే 'ఇది సున్నితమైన విషయం' అంటారు. వచ్చినవాళ్లు కూడా రేపో మాపో సభ్యులే కదా!"

ఆ చివరి మాటలోనే అసలు చిక్కంతా ఉంది.

ఇంజనీరు కంపెనీ మారితే అనుభవం వెంట వస్తుంది, జీతమూ పెరుగుతుంది. సీనియారిటీ పద్ధతి బిగుసుకుపోయిన ఎయిర్‌లైన్లలో, ముఖ్యంగా అమెరికాలో, అలా కుదరదు. పాతికేళ్లు పెద్ద విమానం నడిపిన కెప్టెనైనా సంస్థ మారాడంటే కొత్త చోట లిస్టు అడుగున చేరాల్సిందే. ఏ రకం విమానం, ఏ ఊళ్లో బేస్, ఏ నెల ఏ డ్యూటీలు, పండక్కి సెలవు ఎవరికి, ఎడమ సీటు ఎప్పుడు, గడ్డుకాలం వస్తే ముందు ఇంటికి పోయేదెవరు అన్నవన్నీ ఆ ఒక్క నంబరే తేలుస్తుంది. నంబరంటే ఆస్తే. కాకపోతే అమ్ముకోలేని, పక్క ఊరికి పట్టుకుపోలేని ఆస్తి.

ఇదేదో యాజమాన్యాలు నెత్తిన రుద్దిన పద్ధతి అనుకోకండి. యూనియన్లే పట్టుబట్టి నిలబెట్టుకున్నాయి. అమెరికా పైలట్ల పెద్ద యూనియన్ ఆల్పా 1931లో పుట్టింది. వాతావరణం బాగా లేదు, నేను ఎగరను అన్న పైలట్‌కి ప్రమోషన్ ఆపేసే అధికారం పైవాడి చేతిలో ఉండకూడదంటే, వరస ఎవరూ చెరపలేనిదై ఉండాలి. అందులో న్యాయం ఉంది. చేరిన తేదీకి మొహమాటం లేదు, కులం లేదు, ముఖస్తుతి అక్కర్లేదు. కానీ ఒకే కంపెనీ, ఒకే లిస్టు ఉన్నంతవరకే ఆ న్యాయం.

కాలువ సంగతీ అంతే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు దాదాపు 10 లక్షల ఎకరాలు దాని కింద బతుకుతున్నాయి. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, గోదారి నిండుగా ఉంటుంది కాబట్టి ఎగువ తూమెవరిది, శివారు ఎవరిదని ఎవరూ అడగరు. రెండో పంట దాళ్వాలో, అందులోనూ ఫిబ్రవరి, మార్చి వచ్చాక, వంతులు పెడితే తెలుస్తుంది ఎవరెక్కడున్నారో. విమానాలు ఏటా పదుల్లో దిగుతున్నన్నాళ్లు సీనియారిటీ లిస్టు ఎవడూ తెరవడు. డబ్బులాడనప్పుడే తెరుస్తారు.

1997 చట్టంతో మనకు నీటి సంఘాలొచ్చాయి. ఇంజనీరు దగ్గరకెళ్లి "ఇంకో తడికి నీళ్లివ్వండి" అని సంఘం కొట్లాడినంతసేపు ఊరంతా వెనక నిలబడుతుంది. నీళ్లు వచ్చాక ముందు ఎవరి చేలోకి అన్న మాట తేల్చాల్సింది కూడా ఆ సంఘమే. ఆ రాత్రికి సగం ఊరు శత్రువు. పైలట్ల యూనియన్‌ది ఇదే అవస్థ. యాజమాన్యంతో తలపడటానికి కట్టుకున్న సంఘాన్ని తీసుకెళ్లి సొంత మనుషుల మధ్య తీర్పరిగా కూర్చోబెడితే ఆ కుర్చీ దానికి సరిపోదు.

బావ పోలిక ఒకచోట మాత్రం తేడా కొడుతుంది. శివారు భూమి ఎప్పటికీ శివారే. కుడి సీటు కుర్రాడు మాత్రం పైవాళ్లు రిటైరైన కొద్దీ ఏటా కొంచెం ఎగువకు జరుగుతాడు. ఆ జరుగుబాటు మీదే వాడి ఇంటి లోను, పెళ్లి, పిల్లల చదువు లెక్కలన్నీ కట్టుకుంటాడు. అందుకే జీతం పైసా తగ్గకపోయినా దెబ్బ తగులుతుంది. 2007 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం పైలట్ల రిటైర్మెంటు వయసును 60 నుంచి 65కి పెంచింది. దశాబ్దాలుగా 60నే సమర్థించిన ఆల్పా, అదే ఏడాది మే నెలలో మాట మార్చింది. పైనున్నవాళ్లకు అయిదేళ్ల జీతం కలిసొచ్చింది. కిందివాళ్లు అయిదేళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. చందా మాత్రం ఇద్దరి దగ్గరా వసూలు చేశారు.

లిస్టులు కలపడంలో యూనియన్ ఎంతవరకు చెడగలదో చూడాలంటే యూఎస్ ఎయిర్‌వేస్ కథ తెలుసుకోవాలి. 2005లో దివాలాలో ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. పాత యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లను ఈస్ట్ అనీ, అమెరికా వెస్ట్ వాళ్లను వెస్ట్ అనీ పిలిచేవారు. ఈస్ట్‌లో మందీ ఎక్కువ, సర్వీసూ ఎక్కువ. కానీ వాళ్లలో వందలమంది అప్పటికే లేఆఫ్‌లో ఇళ్ల దగ్గర ఉన్నారు. వెస్ట్‌లో వయసు తక్కువ, అందరికీ పని ఉంది. రెండు వర్గాలూ ఆల్పా సభ్యులే. చేరిన తేదీ ప్రకారం కలపమని ఈస్ట్ పట్టుబట్టింది. మీ కంపెనీ మునిగిపోతుంటే మేం ఒడ్డున పడేశాం, మా పైన ఎలా కూర్చుంటారని వెస్ట్ ఎదురు తిరిగింది.

ఆల్పా తెలివిగానే చేసింది. తను తీర్పు చెప్పకుండా బయటి మధ్యవర్తి జార్జ్ నికొలావ్‌కు అప్పజెప్పింది. తీర్పుకు కట్టుబడతామని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2007 మే నెలలో తీర్పొచ్చింది. పెద్ద విమానాలు నడిపే ఈస్ట్ పైలట్లు 517 మందిని అందరికన్నా పైన పెట్టి, లేఆఫ్‌లో ఉన్న ఈస్ట్ వాళ్లను అట్టడుగుకు నెట్టాడు. పదిహేనేళ్లకు పైగా సర్వీసున్న మనిషి, నిన్నగాక మొన్న చేరిన వెస్ట్ కుర్రాడి కింద పడ్డాడు.

ఈస్ట్ వాళ్లు ఏం చేశారో చూడండి. తీర్పును కొట్టేయించడం కుదరదని తెలిసి, తీర్పు తెచ్చిన యూనియన్‌నే కొట్టేశారు. ఓట్లు వాళ్లవే ఎక్కువ కదా. 2008లో ఆల్పాను గద్దె దించి యూసాపా అనే కొత్త యూనియన్‌ను ఎన్నుకున్నారు. చేరిన తేదీయే లెక్క అన్నది దాని నియమావళిలోనే రాసుకున్నారు. వెస్ట్ పైలట్లు కోర్టుకెక్కారు. కింది కోర్టులో గెలిచారు, పైకోర్టు ఇంకా సమయం రాలేదంటూ 2010లో కొట్టేసింది, చివరికి 2015లో యూసాపా వెస్ట్ వాళ్లకు అన్యాయం చేసిందని అదే పైకోర్టు తేల్చింది. ఈలోగా అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో ఇంకో విలీనం. ఆఖరి లిస్టు 2016లో గానీ రాలేదు.

పదకొండేళ్లు! అన్నేళ్లూ ఒకే పేరు రాసున్న విమానాల్లో ఈస్ట్ కెప్టెన్ పక్కన వెస్ట్ కో-పైలట్ కూర్చోలేదు. ఇంకో ఘోరమేంటంటే, లిస్టు తేలక ఉమ్మడి ఒప్పందం కుదరలేదు. దాంతో ఈస్ట్ పైలట్లు దివాలా కాలం నాటి జీతాలతోనే ఏళ్లకేళ్లు గడిపారు. కంపెనీ మాత్రం పక్కన కూర్చుని చూసింది. గట్టు తగాదాలో అన్నదమ్ములు కోర్టు చుట్టూ తిరుగుతుంటే కౌలు మిగుల్చుకునేవాడు ఇంకొకడు ఉంటాడు చూడండి, అలాగన్నమాట.

మనమూ తక్కువ తినలేదు. 2007లో ఎయిరిండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపారు. కంపెనీలు కలిశాయి గానీ యూనియన్లు కలవలేదు. ఎయిరిండియా వైపు ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ (ఐసీపీఏ). 2011లో సమాన జీతాల కోసం ఐసీపీఏ పది రోజులు సమ్మె చేసింది. 2012లో గిల్డ్ వంతు. కొత్తగా రాబోతున్న బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ల శిక్షణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు చోటివ్వడాన్ని వ్యతిరేకిస్తూ 58 రోజులు సమ్మె చేసింది. గిల్డ్ గుర్తింపు పోయింది, వందమందికి పైగా పైలట్లను తీసేశారు, చివరికి ఢిల్లీ హైకోర్టులో హామీ ఇచ్చి విధుల్లోకి రావాల్సి వచ్చింది. ఇంకా మన గడ్డ మీద దిగని విమానం కోసం ఇదంతా. మొదటి 787 ఆ సెప్టెంబరులో వచ్చింది.

గిల్డ్ వాదనలో పసలేదని నేననను. పెద్ద విమానాల మీద తమ ఎదుగుదల ఇంత అని నమ్ముకుని చేరినవాళ్లు వాళ్లు. కానీ పక్క పైలట్‌కి శిక్షణ ఇవ్వొద్దని సమ్మె చేసిన రోజున అది యూనియన్‌గా మిగల్లేదు, ఎగువ తూము రైతుల జట్టయింది. ఇది చదివే మాస్టార్లు కొంచెం నవ్వుకుంటారేమో. ప్రభుత్వ టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్ల ఉమ్మడి సర్వీసు రూల్స్ తగాదా ఎన్ని దశాబ్దాలు కోర్టుల్లో తిరిగిందో, ఎంఈవో కుర్చీల కోసం ఎన్ని సంఘాలు రెండుగా చీలాయో వాళ్లకు నేను చెప్పాలా?

ఇంతకీ యూనియన్ తప్పేంటి? ఎవరో ఒకరి పక్షం వహించడం తప్పని నేననుకోను. వరస అంటేనే ఒకరు ముందు, ఒకరు వెనక. తప్పంతా లిస్టు బయటికొచ్చేదాకా "అందరికీ న్యాయం చేస్తాం" అనడంలో ఉంది. వంతులు వేసేది నారు పోయకముందు. ఎండిన చేల మధ్య నిలబడి వంతులేస్తే ఏ లెక్కా న్యాయంగా కనిపించదు. బయటివాళ్లను తీసుకుంటే సర్వీసులో ఎంత కలుపుతారు, విలీనమైతే తేదీకెంత, చేస్తున్న హోదాకెంత అన్నది ఎవడి నంబరు ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియని రోజునే రాసిపెట్టుకోవాలి. మేనల్లుడి సంఘం ఆ పని చేయలేదు. చేయమని వాడు కూడా ఏనాడూ అడగలేదు, అది వేరే సంగతి.

బయటి మధ్యవర్తి ఉంటే చాలదని నికొలావ్ తీర్పే చూపించింది. మెజారిటీ తలచుకుంటే యూనియన్‌నే మార్చేస్తుంది. 2001లో టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో ఎక్కువమందిని లిస్టు తోకలో కలిపారు. ఆ చేదుతోనే 2007 చివర్లో అమెరికా మెకాస్కిల్-బాండ్ చట్టం తెచ్చింది. విలీనంలో లిస్టులను న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి తీర్పే శరణ్యం అని దాని సారం. మన దగ్గర 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసింది. దానికి కొన్ని నెలల ముందే, ఏప్రిల్‌లో, కొత్త జీతాల లెక్క మీద అసంతృప్తితో విస్తారా పైలట్లు రాక పదుల కొద్దీ విమానాలు రద్దయ్యాయి. అంత పెద్ద విలీనంలోనూ లిస్టు ఎలా కలపాలో చెప్పే ప్రత్యేక చట్టమంటూ మనకు లేదు.

ఇప్పుడు ఇంకో కొత్త సంగతి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఒక సంస్థలో 51 శాతం మంది మద్దతున్న యూనియన్ ఒక్కటే యాజమాన్యంతో బేరమాడుతుంది. పైలట్ ఆ చట్టం కిందికి వచ్చే కార్మికుడా కాడా అన్న వాదన ఎలాగూ ఉంటుంది. వస్తాడనే అనుకుందాం. మిగతా 49 శాతం శివారువాళ్ల గతేంటి? అమెరికాలో ఈ ప్రశ్న 1944లోనే సుప్రీంకోర్టుకెక్కింది. రైలు ఇంజన్లలో బొగ్గు వేసే నల్లజాతి ఫైర్‌మన్లను పక్కకు నెట్టే ఒప్పందాన్ని వాళ్లకూ ప్రతినిధిగా ఉన్న యూనియనే కుదుర్చుకుంది. అందరి తరఫునా మాట్లాడే హక్కు నీ ఒక్కడికే ఇచ్చాక, అందరినీ సమంగా చూసే బాధ్యతా నీదేనని కోర్టు తేల్చి చెప్పింది. వెస్ట్ పైలట్లు 2015లో గెలిచింది ఆ సూత్రం మీదే. మన కోడ్‌లో హక్కు స్పష్టంగా రాశారు. బాధ్యతను అంత స్పష్టంగా రాయలేదు. పైలట్ల సంఘాలు జీతాల లేఖల మధ్య కాస్త తీరిక చేసుకుని ఆ వాక్యం కోసం అడిగితే బాగుండు.

ఇదే మేనల్లుడికి చెప్పాను. "సంఘం వదిలేసి బయటికి రాకురా. నియమాలు రాసే కమిటీలో దూరు" అన్నాను. వాడు ఫోన్ పక్కన పెట్టి, "అక్కడా సీనియర్లే ఉంటారు మావయ్యా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి పదకొండు దాటాక, కాలువ నీళ్లు చూసే లస్కరు గట్టు మీది నుంచి బావకి ఫోన్ చేశాడు. మా బోదె వంతు వచ్చిందట, తెల్లారేలోగా తడుపుకోవాలట. బావ తలకి తువ్వాలు చుట్టుకుని టార్చి అందుకున్నాడు. మేనల్లుడు గోడకానించిన పార తీసుకుని వెనకే నడిచాడు. ఎగువన ఎవరో గండి కొడతారని వాణ్ని తూము దగ్గర కాపలా పెట్టి, బావ చేలోకి దిగాడు.