తల్లుల తీర్పు టీసీ రిజిస్టరులో ఉంది

ప్రభుత్వ బడి మీద తల్లిదండ్రులకు సంతృప్తి ఉందో లేదో తెలుసుకోవడానికి ఫోన్ చేసి "అవునైతే ఒకటి, కాదంటే రెండు నొక్కండి" అని అడగనవసరం లేదు. జూన్ నెలలో ఏ మండలంలోనైనా నాలుగు బడులు తిరిగి టీసీ రిజిస్టర్లు తెరిస్తే సరిపోతుంది. బిడ్డను తీసుకుపోయే తల్లి అక్కడ తన తీర్పు ఇచ్చే వెళుతుంది. ఆ తీర్పును మనమే సరిగా రాసుకోవడం లేదు. నేను చూసిన రిజిస్టర్లలో, బడి మానడానికి కారణం రాసే గడిలో పేజీ తర్వాత పేజీ "తల్లిదండ్రుల కోరిక మేరకు" అనే మాటే ఉంది. ఆ కోరిక ఎందుకు పుట్టింది? ఐదు తరగతులకూ ఒక్కరే టీచరు ఉన్నారనా, మూడో తరగతికి వచ్చినా పిల్లవాడికి గుణింతాలు పట్టుబడలేదనా, ఊళ్లోకి వచ్చే ప్రైవేటు బడి బస్సు పక్కింటి పిల్లలందరినీ ఎక్కించుకుపోతోందనా? విద్యాశాఖ తెలుసుకోవలసిన సంగతంతా ఆ చిన్న గడిలో ఉండాలి. అది మాత్రం ఖాళీతో సమానంగా ఉంటోంది.

ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే మొదలైంది. ప్రభుత్వం మారాక తల్లికి వందనం వచ్చింది, సన్నబియ్యం అన్నం వచ్చింది, ఇంటిపేరులోనే నెల్లూరు జిల్లా సర్వేపల్లిని మోసిన రాధాకృష్ణన్ పేరుతో విద్యార్థి కిట్లు వచ్చాయి. ఇవన్నీ పేద ఇంటికి అక్కరకొచ్చిన మేళ్లే; వాటిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఏ ప్రభుత్వం ఉన్నా తల్లిని అడిగే ప్రశ్నలు అందిన వస్తువుల చుట్టూనే తిరుగుతున్నాయి. బ్యాగు అందిందా, బూట్లు సరిపోయాయా, గుడ్డు పెడుతున్నారా అన్నవాటికి అవునని చెప్పిన తల్లే వచ్చే జూన్‌లో టీసీ అడుగుతుంది. ఆమె చెప్పిన రెండు మాటలూ నిజమే. తల్లికి వందనం కింద బిడ్డకు 15,000 రూపాయలు కేటాయించి అందులో 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. బిడ్డ ప్రభుత్వ బడిలో ఉన్నా ప్రైవేటు బడిలో ఉన్నా మొత్తం ఒక్కటే. కాబట్టి ఆ డబ్బుతో ఆమె ఎటు నడిచిందన్నది ఏ సర్వే కంటే నిక్కమైన జవాబు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రులను బడికి పిలిచిన మెగా సమావేశం మంచి ఆలోచన. ముగ్గుల పోటీలు, తాడు లాగుడు పోటీలు పెట్టి దాన్ని పండుగ చేశారు. ప్రోగ్రెస్ కార్డులూ చేతికిచ్చారు. అయితే తల్లిదండ్రులతో తరచూ సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి వివరించడం ఉపాధ్యాయుల విధి అని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షనే చెప్పింది. అది ఏడాదికోసారి జరిగే ఉత్సవం కాదు, చట్టం చెప్పిన బాధ్యత. అదే చట్టంలోని 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది మహిళలు ఉండాలంది. పొగిడించుకోవడానికి ఎవరూ అలాంటి కమిటీ వేయరు, నిలదీయడానికే వేస్తారు.

కిందటేడు కనిగిరి వైపు ఒక ఊళ్లో అలాంటి కమిటీ సమావేశంలో కూర్చున్నాను. తీర్మానాల పుస్తకంలో ఆ రోజు పేజీ అప్పటికే రాసి ఉంది, సంతకాలే మిగిలాయి. పొగాకు పని వదిలిపెట్టి వచ్చిన ఒక తల్లి పెన్ను పట్టుకుని "ఏం రాశారు సారూ దీంట్లో?" అంది. "మామూలేనమ్మా, అన్నీ బాగున్నాయని" అన్నారు హెడ్మాస్టరు. "మావాడికి చదవడం వచ్చిందని గూడా రాశారా?" అని ఆమె మళ్లీ అడిగింది. ఆయన మంచివారు కాబట్టి విసుక్కోకుండా నాలుగో తరగతి నుంచి ఆ పిల్లవాణ్ణి పిలిపించి తెలుగు వాచకం చేతికిచ్చారు. వాడు వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఒక వాక్యం లాగాడు. రెండో వాక్యంలో ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగి తల్లి ముఖం చూశాడు. సంతకం తప్ప వేరే రాత రాని ఆమెకు, బిడ్డ ఎన్నిచోట్ల ఆగాడో తెలుసుకోవడానికి చదువు అవసరం కాలేదు. తీర్మానం మాత్రం మారలేదు. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న మాట కింద ఆమె సంతకం కూడా ఉంది.

చదువురాని తల్లిదండ్రులు బోధనను ఎలా అంచనా వేస్తారని, కనీసం సౌకర్యాల మీదైనా వాళ్ల అభిప్రాయం తీసుకుంటున్నందుకు సంతోషించాలని కొందరు అధికారులు వాదిస్తారు. ఆ తల్లి అంచనా నేను కళ్లారా చూశాను. బస్టాండులో బస్సు బోర్డు చదివి అది పామూరు బస్సో వెలిగండ్ల బస్సో చెప్పమని బిడ్డను అడిగే ప్రతి తల్లీ పరీక్ష పెడుతున్నట్టే.

టీచర్ల సంతృప్తి గురించి అడిగేవాళ్లు అసలే లేరు. బోధన మాట అటుంచి హాజరు యాప్‌లకూ ఫొటోల అప్‌లోడ్‌లకూ వాళ్ల గంటలు కరిగిపోయాయి. 2022లో జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు తల్లిదండ్రులు బడుల ముందు బైఠాయించారు. ఆ జీవోను 2025లో వెనక్కి తీసుకున్నారు. వాళ్ల మాట ముందే విని ఉంటే పిల్లలకు మూడేళ్లు కలిసొచ్చేవి.

అక్షరానికీ ప్రశ్నకూ ఉన్న బంధం నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పవలసిన పని లేదు. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వెళ్లిన కలిగిరి మండలం దూబగుంట మహిళలు నాలుగు అక్షరాలు రాగానే మొదట అడిగింది ఊళ్లో సారా అంగడి ఎందుకని. ఆ ప్రశ్న 1992లో జిల్లా అంతటా సారా వేలంపాటలను అడ్డుకుంది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. ఆ అక్షరాస్యతా కార్యక్రమం మీ మనసుకు నచ్చిందా అని, ఆ మహిళలను ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మను ఎవరైనా సర్వే చేసి ఉంటే ఏ అంకె వచ్చేదో తెలియదు గానీ, ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఆ అంకెలో ఇమిడేది కాదు. ఈ ముప్పై ఏళ్లలో ప్రశ్నించే పౌరురాలిని మనం లబ్ధిదారును చేశాం. లబ్ధిదారును అందిందా లేదా అనే అడుగుతారు; పౌరురాలైతే ఎందుకు కాలేదని తానే అడుగుతుంది.

అందుకే టీసీ రిజిస్టరులోని ఆ గడిని పెద్దది చేయాలి. బిడ్డను ఎందుకు తీసుకుపోతోందో తల్లి తన మాటల్లో చెప్పాలి, టీచరు ఆ మాటలనే రాయాలి, రాసింది ఆమెకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. మండల విద్యాశాఖాధికారి జులైలో ఆ పేజీలు పట్టుకొచ్చి కమిటీ ముందు గట్టిగా చదవాలి. ఆ రోజు తీర్మానాల పుస్తకంలో పేజీ తెల్లగా ఉండాలి.