సాకెట్ దగ్గర ఆర్‌ఎఫ్‌సీ మాట చెల్లుతుందా?

హనుమకొండ, కాజీపేట కాలేజీల్లో నెట్‌వర్క్స్ వైవాకు కూర్చున్న పిల్లలకు టైమ్ వెయిట్ (మూసేసిన టీసీపీ కనెక్షన్‌ను కంప్యూటర్ ఇంకొంతసేపు గుర్తుంచుకునే దశ) లెక్క కంఠతా ఉంటుంది. ఎంఎస్‌ఎల్ (ఒక ప్యాకెట్ నెట్‌వర్క్‌లో బతికుండగల గరిష్ఠ సమయం) 2 నిమిషాలు, దానికి రెట్టింపు 4 నిమిషాలు. ఇంటర్నెట్ నియమాలు రాసిపెట్టే పత్రాలే ఆర్‌ఎఫ్‌సీలు; వాటిలో టీసీపీది అయిన 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 ప్రకారం సరైన జవాబే. కానీ లినక్స్ 60 సెకన్లకే ఆ కనెక్షన్‌ను వదిలేస్తుంది.

లినక్స్‌ది తప్పని నేననను. 2 నిమిషాలన్నది అంచనాయేనని, అనుభవాన్ని బట్టి మార్చుకోవచ్చని ఆ ఆర్‌ఎఫ్‌సీలోనే ఉంది. అయితే ఈ 60ని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోడ్‌లోనే రాసేశారు. టీసీపీ ఫిన్ టైమ్‌అవుట్ తగ్గిస్తే ఇదీ తగ్గుతుందని నెట్‌లో సలహాలు కోకొల్లలు. ఆ సెట్టింగ్ ఫిన్ వెయిట్ 2 దశకు (మనవైపు మూసేసి, అవతలివైపు మూసేదాకా ఎదురుచూసే దశ) సంబంధించింది, దీని జోలికి రాదు.

అసలు ఆర్‌ఎఫ్‌సీలు ప్రధానంగా చెప్పేది తీగ మీద ఏం వెళ్లాలన్నది. నెట్‌వర్క్‌తో మాట్లాడేందుకు ప్రోగ్రామ్ పిలిచే సాకెట్ ఫంక్షన్లు 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంతో వచ్చాయి. పోసిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల స్టాండర్డ్ వాటిని తర్వాత రాతలో పెట్టింది. అప్పటికే ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఒక్కో దారైంది.

సాకెట్‌కు పెట్టే రీయూజ్ అడ్రస్ ఆప్షన్‌నే చూడండి. లినక్స్‌లో దీని పని, టైమ్ వెయిట్ ముగియకముందే సర్వర్‌ను అదే పోర్టు (కంప్యూటర్‌లో ఒక్కో సర్వీసుకు ఉండే నంబరు) మీద మళ్లీ లేపనివ్వడం. అక్కడ ఒక ప్రోగ్రామ్ లిజన్ చేస్తుంటే (కనెక్షన్ల కోసం ఎదురుచూస్తుంటే) రెండోదానికి చోటివ్వదు. విండోస్‌లో రెండు ప్రోగ్రాములూ ఈ ఆప్షన్ పెట్టుకుంటే ఇద్దరూ అదే పోర్టులో కూర్చోగలరు. వచ్చే కనెక్షన్ ఎవరికి పోతుందో హామీ లేదు. అందుకే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌క్లూజివ్ అడ్రస్ యూజ్ అనే ఇంకో ఆప్షన్ తేవాల్సి వచ్చింది. విండోస్ ల్యాప్‌టాప్‌లో రాసి లినక్స్ సర్వర్‌కు ఎక్కించే పిల్లలకు ఈ తేడా ల్యాబ్‌లోనే చూపించాలి. అందుకు కొత్త పరికరాలేం అక్కర్లేదు, ఒకే ప్రోగ్రామ్‌ను రెండు సిస్టమ్‌లలో నడిపితే చాలు.

ఐపీవీ6 (పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి) సాకెట్‌దీ ఇదే వరస. లినక్స్‌లో మామూలుగా ఐపీవీ4 కనెక్షన్లనూ తీసుకుంటుంది, విండోస్‌లో అడిగితేనే. బీఎస్‌డీ వంశపు ఓపెన్‌బీఎస్‌డీలో అడిగినా ఒప్పుకోదు.

ఇలాంటి పేచీలో ప్రతిసారీ స్టాండర్డే నెగ్గుతుందనీ లేదు. టీసీపీలో అర్జెంట్ పాయింటర్ (త్వరగా చూడాల్సిన డేటా ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తు) అర్జెంట్ డేటాలోని చివరి బైట్‌నే చూపాలని 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1122 తేల్చింది. దాదాపు ఏ సిస్టమూ వినలేదు, దాని తర్వాతి బైట్‌నే చూపుతూ వచ్చాయి. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6093 దిగొచ్చి, అమల్లో ఉన్నదాన్నే స్టాండర్డ్ చేసింది. కొత్త అప్లికేషన్లు అసలు అర్జెంట్ జోలికే పోవద్దనీ అందులోనే చెప్పింది.