కవలల్లాంటి రెండు రోలర్ కోస్టర్లు, రెండుచోట్లా చివరి పెట్టే

కెనడాలో వెస్ట్ ఎడ్మంటన్ మాల్ పైకప్పు కింద 1985 నుంచి నడిచిన మైండ్‌బెండర్ రోలర్ కోస్టర్‌ను 2023 జనవరిలో శాశ్వతంగా మూసేశారు. దాని గురించి చెప్పేవాళ్లు ముందుగా 44 మీటర్ల ఎత్తు, గంటకు 96 కిలోమీటర్ల వేగం, మనిషిని తలకిందులుగా తిప్పే మూడు లూప్‌లు అంటారు. నేను మాత్రం ముందు బోల్టుల గురించే చెబుతాను. ముగ్గురి ప్రాణాలు పోయింది వాటి వల్లే.

లూప్ దానంతటదే ప్రమాదకరమని చాలామంది నమ్ముతారు. ఒకప్పుడు అందులో నిజముంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో పెట్టిన ఫ్లిప్ ఫ్లాప్ అనే కోస్టర్ లూప్ పూర్తి గుండ్రంగా ఉండేది. అందులోకి దూసుకెళ్లగానే శరీర బరువుకు సుమారు 12 రెట్ల ఒత్తిడి మీద పడేది, మెడలు పట్టేసేవి. జర్మన్ ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్ లూప్‌ను నీటిబొట్టు ఆకారంలోకి మార్చాడు. వేగం ఎక్కువుండే అడుగున వంపు విశాలంగా, వేగం తగ్గే పైభాగంలో బిగుతుగా ఉంటుంది. ఆ లెక్కతో ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ కంపెనీ తయారుచేసిన రివల్యూషన్ అనే కోస్టర్ 1976లో కాలిఫోర్నియాలో మొదలైంది. లూప్ సమస్య అక్కడితో దాదాపు తీరిపోయింది.

మైండ్‌బెండర్ కూడా ఆ ఇద్దరి పనే. జర్మనీ తిరునాళ్లలో ఊరూరా విప్పి బిగించే డ్రైయర్ లూపింగ్ అనే కోస్టర్‌ను అద్దంలో తిప్పి చూసినట్టు, ఇంకాస్త ఎత్తుగా దీన్ని కట్టారు.

1986 జూన్ 14న మైండ్‌బెండర్ రైలు చివరి పెట్టెలో ఎడమవైపు చక్రాల అమరికకు ఉండాల్సిన బోల్టులు లేవు. అమరిక ఊడిపోయింది. పెట్టె అటూఇటూ కొట్టుకోవడంతో ఒడిలో పట్టి ఉంచే కడ్డీలు విడిపోయాయి. మూడో లూప్ దాటేంత వేగం లేక రైలు వెనక్కి జారి కాంక్రీట్ స్తంభానికి గుద్దుకుంది. ముగ్గురు చనిపోయారు, నాలుగో మనిషి తీవ్రంగా గాయపడ్డాడు. తర్వాత భుజాల మీదుగా బిగించే పట్టీలు పెట్టారు, రైలుకు నాలుగు పెట్టెల బదులు మూడే ఉంచారు, 1987లో మళ్లీ తెరిచారు. పట్టాలు అవే, లూప్‌లు అవే. ఇంకో 36 ఏళ్లు నడిచింది.

దాని కవల కథ వేరు. డ్రైయర్ లూపింగ్ చేతులు మారుతూ మలేషియా, ఇంగ్లండ్ పార్కులు దాటి 2007లో మెక్సికో సిటీలోని లా ఫెరియా పార్కుకు చేరి కిమేరా అయింది. 2019 సెప్టెంబర్ 28న అక్కడ కూడా చివరి పెట్టె పట్టాలు తప్పింది. ఇద్దరు చనిపోయారు. మెయింటెనెన్స్ సరిగ్గా లేదని దర్యాప్తులో తేలింది, పార్కు అనుమతిని ప్రభుత్వం రద్దు చేసింది.

నాకు కోపం తెప్పించేది ఈ వరుసే. ఎడ్మంటన్ ప్రమాదం జరిగి అప్పటికి 33 ఏళ్లు. రైడ్ కుటుంబం ఒకటే, పట్టు తప్పింది రెండుచోట్లా చివరి పెట్టే. "పాతబడిపోయింది కాబట్టి కూలింది" అనడం తేలిక. 1985 నాటి కోస్టర్ 2023 దాకా నడిచాక ఆ మాట నిలబడదు. చక్రాల బోల్టులు విప్పి, పగుళ్లు వెతికి, పాడైనవి మార్చే పనికి డబ్బులు, నిపుణులు, సమయం కావాలి. పార్కులు కొత్త రైడ్‌కు పోస్టర్లు వేస్తాయి. ఈ పనికి వేయవు.

అందుకే చేతులు మారే ప్రతి రైడ్‌తో పాటు దాని రిపేర్ల రికార్డు, అదే డిజైన్‌పై ఎక్కడ ప్రమాదం జరిగినా ఆ దర్యాప్తు నివేదిక కొనేవాడికి అందాలి. అందినట్టు సంతకం లేనిదే ఏ ప్రభుత్వమూ దాన్ని నడపనివ్వకూడదు.