సవరణ: ‘లీ’ ఉంటే అడ్వర్బేనా?

ఇంగ్లీష్ పార్ట్స్ ఆఫ్ స్పీచ్ గురించి మొన్న పెట్టిన పాఠంలో ‘చివర లీ (ly) ఉన్న మాట అడ్వర్బ్ (క్రియా విశేషణం)’ అని ఉంది. ఆ వాక్యం కొట్టేసుకోండి.

అడ్జెక్టివ్‌కి (విశేషణానికి) లీ చేరితే మామూలుగా అడ్వర్బ్ వస్తుంది: స్లో, స్లోలీ. నౌన్‌కి (నామవాచకానికి) చేరితే చాలావరకు అడ్జెక్టివే: ఫ్రెండ్లీ, కాస్ట్‌లీ, బ్రదర్లీ. అందుకే ‘హీ స్పోక్ ఫ్రెండ్లీ’ అనకూడదు, ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి. ఫ్యామిలీ, అసెంబ్లీ సంగతి సరేసరి, అవి నౌన్లు.

ఎర్లీ రెండు పనులూ చేస్తుంది. ‘వుయ్ టుక్ ది ఎర్లీ బస్ టు సింహాచలం’లో బస్ అనే నౌన్ గురించి చెబుతోంది కాబట్టి అడ్జెక్టివ్. ‘ది బస్ లెఫ్ట్ మద్దిలపాలెం ఎర్లీ’లో లెఫ్ట్ అనే వెర్బ్ గురించి చెబుతోంది, అడ్వర్బ్. డైలీ కూడా ఇంతే.

ఇంటర్వ్యూల్లో కొంప ముంచేది హార్డ్. దాని అడ్వర్బ్ కూడా హార్డే, ఫాస్ట్ లాగా. కష్టపడతానని చెప్పబోయి ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అన్నారంటే, పని దాదాపు చేయనని మీరే ఒప్పుకున్నట్టు. ‘ఐ వర్క్ హార్డ్’ అనండి.