పడవకు తనిఖీ, పైపుకు సంతకం

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన కొద్ది రోజులకు శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో ఏటా ఒక దృశ్యం కనిపిస్తుంది. మత్స్యశాఖ సిబ్బంది రిజిస్టర్లు చేతబట్టుకుని ఇసుకలోకి దిగుతారు. పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉండాలి. వాటి మీద నంబరు చెరిగిపోకుండా కనిపించాలి. యజమానీ, పడవలో పనిచేసే కలాసీలూ పడవ పక్కన నిలబడి ఫొటో దిగాలి. ఆధార్ నకలు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం వెంట ఉండాలి. రిజిస్ట్రేషన్ లేని పడవ లెక్కలోకి రాదు. దాని మీద బతికే కలాసీల పేర్లూ లెక్కలోకి రావు. 61 రోజులు వేట మానుకుని కూర్చున్నందుకు ఇచ్చే 20 వేల రూపాయల కోసం ఇంత పరిశీలన. ప్రజల సొమ్ము గనుక ఆ మాత్రం పట్టింపు ఉండాల్సిందే. మాకు అభ్యంతరం లేదు.

అదే ఒడ్డున, అదే ఇసుక కింద నుంచి సముద్రంలోకి ఒక పైపు పోతుంది. పరిశ్రమ వాడి వదిలేసిన నీళ్లను అలల అవతలకు తీసుకెళ్లి విడిచిపెడుతుంది. దానికీ ఒక అనుమతి ఉంది. ఆ అనుమతికీ ఒక గడువు ఉంది. అది ముగియవస్తోంది. మళ్లీ ఇవ్వవద్దని తీరగ్రామాల వాళ్లు సోమవారం సోమవారం కలెక్టరేట్‌కు వచ్చి అర్జీలు ఇచ్చి వెళ్తున్నారు. రసీదు చేతికి వస్తోంది, జవాబు రావడం లేదు. పైపు పక్కన నిలబడి ఫొటో దిగమని మాత్రం ఎవరినీ ఎవరూ అడగలేదు.

కార్యాలయాల్లో వినిపించే మాట ఒక్కటే: ‘పాత అనుమతే కదా!’ ఆ మాటే మమ్మల్ని కలవరపెడుతోంది. పాతది గనుక మళ్లీ చూడనక్కర్లేదట. అలాగైతే గడువు ఎందుకు పెట్టినట్టు? ఇన్నేళ్లలో నీళ్లు ఎలా మారాయో, ఉత్పత్తి ఎంత పెరిగిందో, ఒడ్డున బతుకు ఏమైందో ఒకసారి ఆగి చూడటానికే గడువు. ఆ చూపును ఎగ్గొట్టి తేదీ మాత్రం మార్చేస్తే దాన్ని పునఃపరిశీలన అనరు.

చట్టం ఎలా ఉందో చూడండి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందిన నాలుగు నెలల్లో కాలుష్య నియంత్రణ మండలి అవునని గానీ కాదని గానీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క, అదీ ఏ షరతూ లేకుండా. మౌనం అర్ధాంగీకారమని లోకం అంటుంది. ఈ చట్టం దాన్ని పూర్ణాంగీకారం చేసి పెట్టింది. ఇది చాలదన్నట్టు, వ్యాపార సౌలభ్యం పేరుతో స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చింది. అన్నీ సక్రమంగా ఉన్నాయని పరిశ్రమే రాసిస్తుంది, రుసుము కడుతుంది, అనుమతి దానంతట అదే కొనసాగుతుంది. మరి కలాసీ ‘నేను వేటకు వెళ్లలేదు’ అని స్వయంగా ధ్రువీకరిస్తే 20 వేలు ఖాతాలో పడతాయా? పడవు. పడవను చూడాలి, మనిషిని చూడాలి, ఫొటో తీయాలి.

పరిశ్రమ పుట్టేటప్పుడు ప్రజలను అడిగారు కదా అంటారు. అడిగారు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించి, వీడియో తీస్తూ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. షామియానా, పోలీసు వలయం, ముందు వరుసలో ఎవరు కూర్చుంటారో అందరికీ తెలిసిన వ్యవహారమే. ఎంత లోపభూయిష్ఠంగా జరిగినా అక్కడ ఒక మైకు ఉంటుంది. పునరుద్ధరణకు ఆ మైకు కూడా లేదు. ఆనాడు ఒడ్డున గవ్వలు ఏరుకున్న పిల్లవాడు ఈనాడు వల లాగుతున్నాడు. అతణ్ని ఎవరు అడిగారు?

ఇక ఆ నీళ్ల సంగతి. కేంద్ర పర్యావరణ నియమాల్లో సాధారణ ప్రమాణాలు ఉన్నాయి. వ్యర్థజలాలను గెడ్డలోకో నదిలోకో వదిలితే జీవరసాయనిక ఆక్సిజన్ గిరాకీ, అంటే ఆ మురికి కుళ్లడానికి నీటిలోంచి లాక్కునే ఆక్సిజన్, లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రంలోకైతే 100 వరకు వదలవచ్చు. సముద్రం పెద్దది, కలిసిపోతుందిలే అన్న నమ్మకం చట్టంలోనే కూర్చుని ఉంది. సముద్రం పెద్దదే. ఫైబర్ పడవ వాడి సముద్రం మాత్రం పెద్దది కాదు. తెల్లవారుజామున వెళ్లి పొద్దెక్కేసరికి తిరిగి రాగలిగినంత మేరే అతని సముద్రం. నెత్తళ్లూ కానాగంతలూ దొరికితే అక్కడే దొరకాలి. పైపు నోరు తెరిచేదీ ఆ మేరలోనే.

అక్కడ దొరకనప్పుడు ఏమవుతుందో ఈ జిల్లాలకు ఒకరు చెప్పనక్కర్లేదు. వేట పని కోసం గుజరాత్‌లోని వెరావల్‌కు రైలెక్కుతారు. 2018 నవంబరులో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్లిన వారు పాకిస్థాన్ దళాలకు చిక్కి ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గారు. 2020 జనవరిలో వాఘా దాటి వచ్చినప్పుడు పూలదండలతో స్వాగతం చెప్పాం. సొంత ఒడ్డు వదిలి అంత దూరం ఎందుకు వెళ్లారని మాత్రం ఆ దండలు వాడిపోయేలోపే అడగడం మానేశాం. జెట్టీలు లేకపోవడం ఒక కారణం. ఒడ్డు దగ్గర చేప కరవవడం మరో కారణం. ఆ రెండో కారణంలో పైపుల వాటా ఎంతో తేల్చాల్సింది ఎవరు? అనుమతి పునరుద్ధరించేవారే.

పరిశ్రమలు వద్దంటే ఉద్యోగాలు ఎక్కడి నుంచి వస్తాయని, వలసల జిల్లాకు ఉన్న కాస్త ఉపాధినీ పోగొడతారా అని, చేపలు తగ్గడానికి పెద్ద మర పడవల విచ్చలవిడి వేటే కారణమని వాదించేవారు ఉన్నారు. ఉపాధి అవసరమే, మర పడవల మీద నియంత్రణా అవసరమే. వాటికీ, పైపు చివర నీళ్లు పరీక్షించకుండా సంతకం పెట్టడానికీ సంబంధం ఏమిటో మాకు అర్థం కావడం లేదు.

ఇది ఒక్క పైపుతో ఆగే విషయమైతే ఇంత రాయం. ఈ తీరం మీద రేపు రాబోయేవి చాలా పెద్దవి. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్నది కేంద్రం సంకల్పం. గుజరాత్‌లో మీఠీవిర్డీ గ్రామాలు కాదు పొమ్మన్న ప్రాజెక్టే ఇక్కడికి నడిచి వచ్చింది. అణు కేంద్రంలో పుట్టే వేడిలో మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతా రెండు వంతులూ నీటిలోకో గాలిలోకో పోవాల్సిందే. తీరంలో కట్టే విద్యుత్కేంద్రాలకు అందుకు సులువైన చోటు సముద్రం. ఒక చోట నీళ్లు తోడుకుని, యంత్రాల్లో తిప్పి, వెచ్చబడ్డాక మరో చోట వదులుతారు. తోడేటప్పుడు చేప గుడ్లూ పిల్లలూ నీళ్లతో పాటే లోపలికి పోతాయి. పైపుల్లో నాచూ గుల్లలూ పట్టకుండా క్లోరిన్ కలుపుతారు. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. 1999 జూన్ తర్వాత సముద్రపు నీటితో నడిచేలా వచ్చిన థర్మల్ కేంద్రాలు చుట్టుపక్కల నీటి వేడిని 7 డిగ్రీలకు మించి పెంచరాదని నియమం ఉంది. మామూలు ఫ్యాక్టరీలకు 5 డిగ్రీలు, విద్యుత్కేంద్రానికి 7. ఎంత పెద్దవాడైతే అంత మినహాయింపు!

ఆ 7 డిగ్రీలు దాటిందో లేదో కొలిచేది ఎవరు? గడువు తీరినప్పుడు అడిగేది ఎవరు? ఇవాళ ఒక చిన్న పైపు విషయంలో ‘పాత అనుమతే కదా’ అనే అలవాటుకు తలూపితే, రేపు ఆరు రియాక్టర్ల పైపు దగ్గర కూడా అదే మాట వినిపిస్తుంది. అప్పుడు అభ్యంతరం చెబితే ‘ఆనాడు మీరే ఒప్పుకున్నారు కదా, ఆనవాయితీ ఉంది కదా’ అంటారు. ఆనవాయితీలు జీవోలతో పుట్టవు. ఎవరూ అడ్డు చెప్పని మొదటిసారి పుడతాయి. ఈ తీరంలో ఆ మొదటిసారి దాటిపోయిందేమోనని మా భయం.

చూడకుండా రాయడం ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ జిల్లాకు బాగా తెలుసు. సోంపేట బీల అనే చిత్తడి నేలను థర్మల్ ప్రాజెక్టు కాగితాల్లో పనికిరాని భూమిగా రాశారు. అక్కడ నీళ్లున్నాయి, చేపలున్నాయి, ఆ నీళ్లతో పండే చేలున్నాయి. కాగితం రాసినవారు ఒక్క పూట ఆ గట్టు మీద నడిచి ఉంటే కళ్లకు కట్టేది. నడవలేదు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. బీల బీడు కాదన్న సంగతి ఢిల్లీకి తెలిసింది, ఇక్కడ రెండు ఇళ్లలో దీపం ఆరిన రోజున. ఎనిమిది నెలలు తిరగకముందే 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం కోసం మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. అక్కడా తంపర అనే చిత్తడి నేల గురించి కాగితం ఒకటి చెప్పింది, ఊరు ఒకటి చెప్పింది. ఇంత జరిగాక కూడా ‘చూడనక్కర్లేదు, పాతదే కదా’ అనగలుగుతున్నారంటే ఆ గుండె నిబ్బరాన్ని మెచ్చుకోవాలి.

పర్యవసానాల భయమైనా ఉందా అంటే అదీ సన్నగిల్లుతోంది. 2024లో కేంద్రం జల కాలుష్య చట్టాన్ని సవరించి చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. తొలుత హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తింపజేశారు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి అది చాలు. కనిష్ఠ జరిమానా మన మత్స్యకారుడి నిషేధ భృతిలో సగం!

భృతి అంటే గుర్తొచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాన్ని 10 వేల నుంచి 20 వేలకు పెంచుతూ ముఖ్యమంత్రి స్వయంగా ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం వచ్చి పథకం ప్రారంభించారు. ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఒడ్డు దాకా రాగలదన్నమాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఇంజను పడవ కదలరాదని శాసించేదీ అదే ప్రభుత్వం. ఆ రెండు నెలలూ పైపు మాత్రం ఒక్క పూట కూడా కట్టెయ్యరు. వల వల్ల చెడే గుడ్డు వ్యర్థజలాల వల్ల చెడదా?

చేయాల్సిన పనులకు కొత్త చట్టం అక్కర్లేదు. ఏ పైపుకు ఏ షరతులు పెట్టారో రాసి ఉంచిన రిజిస్టర్‌ను బాధితులెవరైనా చూడవచ్చని అదే 25వ సెక్షన్ చెబుతోంది. ఆ పుటలను తెలుగులో రాయించి తీరగ్రామాల పంచాయతీ కార్యాలయాల గోడలకు అంటించండి. షరతులను ఎప్పుడైనా సమీక్షించే, మార్చే అధికారం 27వ సెక్షన్ మండలికి ఇచ్చింది. దాన్ని వాడండి. అన్నిటికన్నా ముందు చేపల పరీక్ష జరిపించండి. శుద్ధి చేసిన వ్యర్థజలాల్లో చుక్క మంచినీళ్లు కలపకుండా చేపలను వదిలితే 96 గంటల తర్వాత నూటికి తొంభై బతికి ఉండాలన్నది ఆ ప్రమాణాల్లోనే ఉన్న నియమం. ఎక్కడో ప్రయోగశాలలో కాదు, ఈ ఒడ్డునే తొట్టె పెట్టండి. పైపులోంచి ఊరివాళ్ల ఎదుటే నీళ్లు పట్టండి. నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ మీ మనిషి ఒకరు, ఊరి మనిషి ఒకరు కాపలా ఉండండి. తేలిన చేపలను ఊరే లెక్కపెడుతుంది.

ఆ లెక్క తేలేదాకా పునరుద్ధరణ ఫైలు కదలకూడదు. కదిలించి తీరతామంటే, సంతకం పెట్టే అధికారి ముందుగా ఈ ఇసుకలోకి దిగి, పైపు పక్కన నిలబడి ఫొటో దిగాలి. పైపు మీద నంబరు చెరిగిపోకుండా కనిపించాలి. కలాసీకి మీరు పెట్టిన షరతే ఇది.